బాపు బీడీ, బాపు మతిమరుపు: పార్కిన్సన్స్ ఉన్నవారికి పొగ మేలు చేస్తుందా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కోరుట్ల దగ్గర పల్లె. బాపుకు 68 ఏళ్లు, పార్కిన్సన్స్ (చెయ్యి వణికే, కదలిక నెమ్మదించే నరాల జబ్బు) అని తేలి ఏడేళ్లయింది. నలభై ఏళ్లుగా రోజుకు ఒక కట్ట బీడీలు. ఏడాదిగా మాట మధ్యలో ఆగిపోతున్నారు, డబ్బు లెక్క తప్పుతున్నారు. నాలుగు నెలలుగా పొద్దుగూకే వేళకు 'ఆ మూల పిల్లలెవరో కూర్చున్నారు' అంటున్నారు. మీరు బీడీ మాన్పించాలనుకుంటే మేనమామ అడ్డుపడ్డారు. పొగ తాగేవాళ్లకు ఈ జబ్బు తక్కువని, ఇప్పుడు మాన్పిస్తే మెదడు ఇంకా దెబ్బతింటుందని ఒక వీడియో తెచ్చి చూపించారు. ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న.

నేను హన్మకొండలో నరాల జబ్బులు చూడటం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. మీ మామయ్య చూపించినలాంటి వీడియో ఎవరో ఒకరి ఫోనులో నా గదికి వస్తూనే ఉంటుంది. అందులో మొదటి సగం అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. మొత్తం అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టిపారేసేవాణ్ణి.

ఆ మొదటి సగం ఏమిటో చెబుతాను. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1951లో ఆ దేశపు వైద్యులకు ఉత్తరాలు రాసి పొగ అలవాటు గురించి అడిగారు. దాదాపు 30 వేల మంది పురుష వైద్యుల లెక్కను వారి తరవాతివారు మొత్తం 65 ఏళ్లపాటు కొనసాగించారు. పొగ తాగుతున్నవారిలో పార్కిన్సన్స్ సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. వేరే దేశాల్లో జరిగిన పరిశీలనల్లోనూ ఇదే ధోరణి. అయితే ఆ వైద్యుల లెక్కల పుస్తకంలోనే ఇంకో పేజీ ఉంది. జీవితమంతా సిగరెట్ తాగినవారు, తాగనివారికంటే సగటున పదేళ్లు ముందే పోయారు. వీడియో చేసినాయన ఒక పేజీ చదివి పుస్తకం మూసేశాడు.

పొగ తాగేవారిలో జబ్బు ఎందుకు తక్కువ కనిపిస్తుందన్నదానికి రెండు వాదనలున్నాయి. పొగలో నిజంగానే ఏదో ఉందన్నది ఒకటి. మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం ఉంటుంది, పార్కిన్సన్స్‌లో తగ్గేది అదే. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది, దాన్ని ఎం.ఎ.ఓ.-బి. అంటారు. 1996లో అమెరికాలో పొగ తాగేవారి మెదడును స్కాన్ చేస్తే, తాగనివారితో పోలిస్తే ఆ ఎంజైము 40 శాతం తక్కువగా ఉంది. పార్కిన్సన్స్‌కు మేము రాసే సెలెజిలిన్, రాసజిలిన్ మాత్రలు చేసే పని కూడా ఆ ఎంజైమును అణచడమే. కనుక ఈ వాదనను తీసిపారేయలేం.

రెండో వాదన వైపు నేను ఎక్కువ మొగ్గుతాను. ఈ జబ్బు వణుకుతో మొదలు కాదు. వణుకు కనిపించడానికి ఏళ్ల ముందే వాసన తెలియడం తగ్గుతుంది, మలబద్ధకం మొదలవుతుంది, నిద్రలో కలవరిస్తూ కాళ్లూ చేతులూ విసురుతారు. ఆ ఏళ్లలో డోపమిన్ నెమ్మదిగా పడిపోతూ ఉంటుంది. బీడీ మీద మోజు పుట్టించేది, అది లేకపోతే ప్రాణం పోయినట్టు చేసేది అదే డోపమిన్. అది తగ్గినప్పుడు బీడీ రుచి కూడా తగ్గుతుంది. డెన్మార్క్‌లో 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, పార్కిన్సన్స్ వచ్చినవారు మిగిలినవారికంటే పొగను తేలికగా మానగలిగినట్టు తేలింది. అంటే పొగ జబ్బును ఆపిందో, లోపల మొదలైన జబ్బే పొగను మాన్పించిందో చెప్పలేం. పరకాల నుంచి వచ్చే ఒక పెద్దాయన నాతో ఒకసారి అన్నారు: 'చెయ్యి వణకడానికి మూడేళ్ల ముందే బీడీ విసుగు పుట్టింది సారు, ఎవరూ చెప్పలేదు.' ఆయన దాన్ని తన మనోబలం అనుకున్నారు. నేను కాదనలేదు.

ఈ తగవు తీరాలంటే పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్‌ను రోగులకు ఇచ్చి చూడాలి. చూశారు. జర్మనీ, అమెరికా వైద్యులు కలిసి, జబ్బు కొత్తగా బయటపడిన 160 మందికి పైగా రోగుల్లో సగం మందికి ఒంటికి అంటించే నికోటిన్ పట్టీలు, మిగతా సగానికి మందు లేని ఉత్త పట్టీలు ఏడాదిపాటు వేయించారు. 2023లో ఫలితాలు ప్రచురించారు. నికోటిన్ వల్ల జబ్బు నెమ్మదించలేదు. కొలతల్లో ఆ పట్టీలు వేసుకున్నవారే కాస్త వెనుకబడ్డారు కూడా.

మీ మామయ్యకు ఇదంతా చెప్పనక్కర్లేదు, ఇలా చెప్పండి. కుక్క ఉన్న ఇంటికి దొంగలు తక్కువ వస్తారన్నది నిజమే కావచ్చు. దొంగతనం జరిగిపోయాక కుక్కను తెచ్చి కట్టేస్తే పోయిన సొమ్ము తిరిగి రాదు. పైగా ఈ కుక్క ఇంట్లోవాళ్లనే కరిచే రకం.

ఒక్క విషయంలో మాత్రం బాపు మాటను నమ్మండి. 'బీడీ తాగితేనే తలకాయ తేటపడుతుంది' అంటారని రాశారు. ఆయన నాటకమాడటం లేదు. నికోటిన్ కాసేపు మెదడును మేలుకొలుపుతుంది, ధ్యాస నిలుస్తుంది. అయితే ఆ తేటలో చాలా భాగం, రెండు గంటలుగా నికోటిన్ అందక వచ్చిన మసక తొలగడమే. అప్పు ఇచ్చినవాడే వచ్చి వడ్డీలో పావలా తగ్గిస్తే మేలు చేశాడనుకున్నట్టు ఉంటుంది.

ఇక అసలు సంగతి, మతి. పార్కిన్సన్స్‌లో మతి తగ్గడమంటే పేర్లు మరిచిపోవడం కాదు, కనీసం మొదట్లో కాదు. మనవడి పేరు చెబుతారు, 1986లో గోదావరికి వచ్చిన వరద గురించి చెబుతారు. పని వరుస తప్పుతుంది. రెండు పనులు ఒకేసారి చేయలేరు. దూరం, దిక్కు, ఆకారం పట్టుకోలేరు. నేను ప్రతి రోగికీ తెల్ల కాగితం ఇచ్చి గడియారం గీయమంటాను, ముళ్లు పదకొండుంపావు చూపాలంటాను. కిందటి నెల ఒకాయన, బడిపంతులుగా పదవీ విరమణ చేసినవారు, గుండ్రం చక్కగా గీశారు. పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించారు, చీమల బారులా, కిందికి పోయేకొద్దీ అక్షరం చిన్నదవుతూ. తరవాత కాగితం వైపు చాలాసేపు చూసి, 'ఎడమ పక్క చోటు మిగిలింది, ఎందుకు మిగిలిందో తెలియడం లేదు' అన్నారు. తప్పు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. మీ బాపు డబ్బు లెక్క తప్పడం ఈ జాతిదే అయి ఉండవచ్చు.

ఈ జబ్బుతో చాలాకాలం బతికినవారిలో మతి బాగా తగ్గే అవకాశం ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రోగులను 20 ఏళ్లు వెంబడించిన అధ్యయనంలో, అప్పటికి బతికి ఉన్నవారిలో 83 శాతం మందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతి తగ్గడం, ఉంది. భయపడకండి, ఇటీవలి పరిశీలనల్లో అంత వేగం కనిపించడం లేదు. నేను చెప్పదలచింది ఒకటే: ఈ జబ్బులో మతి దారి ముందే ఇరుకు. డోపమిన్‌తో పాటు ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం కూడా తగ్గుతుంది, ధ్యాస, జ్ఞాపకం దాని మీదే ఆధారపడి ఉంటాయి. అలా ముందే సన్నబడిన దారిలోకి పొగ ఏం తెస్తుందో చూడండి. మెదడు లోపలి సన్న రక్తనాళాలను గట్టిపరుస్తుంది, అక్కడక్కడ చిన్న చిన్న చోట్లకు రక్తం అందదు. ఎం.ఆర్.ఐ.లో అవి తెల్లని మచ్చలుగా కనిపిస్తాయి. బీపీ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో, మన చేతిలో ఉన్న 14 డిమెన్షియా కారణాలను గుర్తించింది, వాటిలో పొగ ఒకటి. పార్కిన్సన్స్ రోగులనే తీసుకుని చేసిన అధ్యయనాల్లో కూడా పొగ తాగేవారి మతి తాగనివారికంటే మెరుగ్గా నిలిచిందన్న భరోసా దొరకదు, కొన్నింటిలో వారే వెనుకబడ్డారు. మేనమామ చెప్పిన రెండో సగానికి ఆధారం లేదు.

బీడీ సిగరెట్ కంటే నయమని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, ఆకు కదా అని. తునికాకు గుండా గాలి ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. పొగాకు తక్కువే, కానీ లోపలికి పోయే కార్బన్ మోనాక్సైడ్, తారు, నికోటిన్ తక్కువ కావు.

ఇంత చెప్పి ఇప్పుడు మాట మారుస్తున్నానని అనుకోవద్దు. మీ ఇంటికి నేను వస్తే ముందు బీడీ కట్ట అడగను, మాత్రల కవరు అడుగుతాను. నాలుగు నెలల్లో మొదలైన పిల్లల భ్రమకు నలభై ఏళ్ల బీడీని మొదటి దోషిగా నిలబెట్టడం తొందరపాటు. నాలుగు నెలల క్రితం ఏం మారిందో చూడాలి.

మీరు రాసిన మందుల జాబితాలో డోపమిన్ లోటు తీర్చే సిండోపా ఉంది, డోపమిన్‌లా పనిచేసే రోపినిరోల్ ఉంది, ఇంకా 'వణుకుకు చిన్న తెల్ల మాత్ర, ఎప్పటి నుంచో' అన్నారు. ఆ చిన్న మాత్ర పేరు చూడండి. పాసిటేన్ అనో, ట్రైహెక్సీఫెనిడిల్ అనో ఉంటే నా అనుమానం దాని మీదే. అది వణుకును తగ్గిస్తుంది, నిజమే. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుని తగ్గిస్తుంది. ఇందాక చెప్పాను, మతికి కావలసింది ఆ రసాయనమే. అరవై అయిదు దాటినవారికి, మతి తడబడుతున్నవారికి ఆ మాత్ర అంటే నాకు కంపరం. ఎప్పుడో యాభై ఏళ్ల వయసులో రాసిచ్చిన చీటీని మందుల దుకాణంలో చూపించి ఏళ్ల తరబడి కొనుక్కుంటూ పోతారు, మధ్యలో ఎవరూ ఆపమని చెప్పరు. నా దగ్గరకు వచ్చిన మతిమరుపు కేసుల్లో ఈ ఒక్క మాత్రను మెల్లగా తీసేస్తే మనిషి తిరిగి వచ్చిన ఇళ్లు నాకు గుర్తున్నాయి. అలాగని మీరు రేపు పొద్దున డబ్బాలోంచి తీసి పారేయవద్దు. ఒక్కసారిగా ఆపితే వణుకు, గందరగోళం రెండూ పెరుగుతాయి. మీ డాక్టరు వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించాలి. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చిన మాత్రలు, జలుబుకు తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే కుటుంబపు పని చేస్తాయి. ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుడు వాంతులకు, తల తిరుగుడుకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, సిన్నరిజిన్ వేరే రకం హాని చేస్తాయి. అవి డోపమిన్‌నే అడ్డుకుంటాయి. జబ్బు ముదిరిందనుకుని సిండోపా పెంచుతారు. అసలు దోషి చొక్కా జేబులో ఉంటుంది.

పిల్లలు కనిపించడానికి రోపినిరోల్ కూడా కారణం కావచ్చు, ముఖ్యంగా ఆ మధ్య మోతాదు పెంచి ఉంటే. ఇవి కాక మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం, బి12 తగ్గడం, థైరాయిడ్ చూడాలి. గత మూడు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా? పుర్రె లోపల నెమ్మదిగా గడ్డకట్టిన రక్తం వారాల తరవాత మతిని తినేస్తుంది, తలకు పెద్ద దెబ్బే తగలక్కర్లేదు. కూర్చుని లేచినప్పుడు బీపీ ఎంత పడుతుందో కొలిపించండి, ఈ జబ్బులో అది పడిపోవడం మామూలు, అలా పడేవారికి మతి త్వరగా తగ్గుతుంది. ఇవన్నీ తేలాక కూడా మతిమరుపు మిగిలితే రివాస్టిగ్మిన్ అనే మందు ఉంది, కొందరికి ధ్యాస, భ్రమలు రెండూ కుదుటపడతాయి. భ్రమలకు ఎవరైనా హాలోపెరిడాల్ ఇవ్వబోతే ఒప్పుకోవద్దు, పార్కిన్సన్స్ ఉన్న మనిషిని అది కట్టెలా బిగదీసేస్తుంది. భ్రమలకు ఈ జబ్బున్నవారు వాడదగిన వేరే మందులు ఉన్నాయి.

రోపినిరోల్ సంగతి ఎత్తాను కాబట్టి బీడీ దగ్గరకు తిరిగి వస్తాను, ఎందుకంటే ఈ రెండింటికీ లోపల లావాదేవీ ఉంది. ఎవరూ చెప్పని విషయం ఇదే. పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడుతుంది. రోపినిరోల్‌ను, రాసజిలిన్‌ను అరగదీసేది ఆ ఎంజైమే. అంటే రోజుకు ఒక కట్ట తాగే మనిషికి ఆ మాత్రల బలం కొంత పొగలో పోతుంది. బీడీ మానేస్తే వారం పది రోజుల్లో ఆ ఎంజైము తగ్గుతుంది, అదే మాత్ర రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. అప్పుడు తల తిరగడం, మగత, భ్రమలు పెరగవచ్చు. ఇంట్లోవాళ్లు 'చూశావా, బీడీ మాన్పిస్తే ఇంకా పాడయ్యాడు' అంటారు. మీ మామయ్య గెలిచినట్టే. నిజానికి అక్కడ కావలసింది బీడీ తిరిగి అందించడం కాదు, రోపినిరోల్ తగ్గించడం. భ్రమలకు క్లోజపిన్ వాడేవారికి ఇది ఇంకా ముఖ్యం, ఆ మందు ఎక్కువైతే ప్రమాదం. కనుక మానే తేదీ మీ డాక్టరుకు ముందే చెప్పండి. నికోటిన్ చూయింగ్ గమ్ వాడితే ఈ చిక్కు అలాగే ఉంటుంది, ఎంజైమును రెచ్చగొట్టేది నికోటిన్ కాదు, పొగ.

ఎలా మాన్పించాలి? డాంబికాలు పలకను, అరవై ఎనిమిదేళ్ల మనిషి నలభై ఏళ్ల అలవాటు. అందులోనూ మీ అమ్మగారు ఇంట్లోనే బీడీలు చుడతారన్నారు. చేటలో తంబాకు, పక్కన నానబెట్టిన ఆకు, కత్తెర, దారం. మద్యం దుకాణంలో కూర్చోబెట్టి మందు మానమన్నట్టు ఉంటుంది. ఆమె పని ఆపమని నేను చెప్పను, ఇల్లు గడిచేది దానితోనే. చుట్టే చోటు మార్చమంటాను, వీలైతే పక్కింటి అరుగు మీదికి, మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి. కార్ఖానాలో తిరగ్గొట్టిన బీడీలు ఇంటికి రాకుండా చూడమనండి, బాపుకు రోజూ అందేవి అవేనని నా ఊహ. మొదట పడుకునే ముందు బీడీ మాన్పించండి, తరవాత మందు వేసుకునే వేళల చుట్టూ ఉన్నవి. సిండోపా ఎక్కి చెయ్యి సాఫీగా కదిలే వేళలో ఆయన చేతికి పని ఇవ్వండి: చిక్కుడు కాయలు ఒలవడం, పేపరు పైకి చదవడం. తోచకపోవడమే బీడీ అంటించే ఇళ్లు చాలా చూశాను. పొగాకు మానడానికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, డబ్బు పడదు. పొగ మాన్పించడానికి ఇచ్చే బుప్రోపియాన్ మాత్ర మాత్రం ఆయనకు వద్దు, భ్రమలు ఉన్నవారిలో వాటిని పెంచగలదు. ఖైనీ, జర్దాకు మార్చడం మానడం కింద లెక్క కాదు.

మతికి ఎంత మేలు జరుగుతుందని అడుగుతారు. బీడీ మానినంత మాత్రాన పోయిన మతి తిరిగి రాదు. ఇక మీదట రక్తనాళాల వైపు నుంచి పడే దెబ్బలు తగ్గుతాయి, దగ్గు తగ్గుతుంది. ఈ దగ్గు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మింగడం తడబడే రోగికి అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియాయే ఈ జబ్బులో చాలామందిని తీసుకుపోతుంది. పొగతో పాడైన ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు.

మానేదాకా ఒక పని తప్పకుండా చేయండి. ఆయన లుంగీ, బనీను తీసి వెలుతురులో చూడండి. వణికే వేళ్ల మధ్య నుంచి జారిన నిప్పురవ్వల చిల్లులు కనిపిస్తాయి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నా దగ్గరకు వచ్చే ఒకావిడ భర్త చొక్కా తెచ్చి బల్ల మీద పరిచింది, పదకొండు చిల్లులు. నులక మంచం మీద పడుకుని తాగనివ్వకండి, పత్తి పరుపు మీద అసలే వద్దు. బయట, కుర్చీలో, పక్కన నీళ్ల చెంబుతో. అగ్గిపెట్టె మీ అమ్మగారి కొంగున ఉండాలి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఎం.ఆర్.ఐ. ఫిల్ము ఒక్కటే తీసుకుపోకుండా ఇంట్లో ఉన్న ప్రతి మాత్రనూ, దగ్గు మందు సీసాతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి ఆయన బల్ల మీద బోర్లించండి. ఆ చిన్న తెల్ల మాత్ర పేరు ఏమిటో నాకూ రాయండి.